ముట్టుకోకూడని రోజు

నేను ఒక కంప్యూటర్ని. చెప్పుకోవడానికి నాకంటూ ఒక పేరు లేదు. పెట్టె మీద ఒక కంపెనీ పేరు, లోపలి బోర్డు మీద ఇంకొకటి, తెర మీద మూడోది. ఇన్ని పేర్లు మోస్తున్నా మనుషులు నన్ను ‘అది’ అనే అంటారు. ‘అది పనిచేస్తోందా?’, ‘అది మొరాయించింది’, ‘దాని నెత్తిన ఒక్కటి తట్టు’. తడితే బాగుపడతానని వాళ్ల నమ్మకం. నాలుగైదు సార్లు నిజంగానే బాగుపడ్డాను కాబట్టి తప్పు పూర్తిగా వాళ్లదే అనలేను.

బెంగళూరులో ఒక మేడమెట్ల కింద ఉన్న ఇరుకు దుకాణంలో పుట్టాను. స్క్రూడ్రైవరు పళ్ల మధ్య పట్టుకున్న ఒక మనిషి నాలుగు దేశాల నుంచి వచ్చిన ముక్కల్ని అరగంటలో ఒక్కటి చేసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. పుట్టినరోజు అంటే అంతే. అక్కణ్ణుంచి అనంతపురంలో కంప్యూటరు నేర్పే ఒక సెంటరుకు వెళ్లాను. అక్కడ ఒక సంగతి గమనించాను. నా ముందు మొదటిసారి కూర్చున్న ప్రతి మనిషీ ముందుగా కొట్టేది తన పేరే. దాన్ని కాసేపు చూసుకుని మురిసిపోయి, చెరిపేసి, అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని తేల్చుకున్నాక ఇంకొకరి పేరు కొడతారు. ఆ రెండో పేర్లన్నీ నాకు తెలుసు. ఒక్కటి కూడా బయటపెట్టలేదు.

చేతిలోకి ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతపడింది. నన్ను ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే రుక్మాంగద తీసుకున్నాడు. ఇక నా అసలు జీవితం అక్కడే.

రుక్మాంగద పాతికేళ్లు గళ్ల కాగితం మీద డిజైన్లు గీసిన మనిషి. ఒక్కో గడి ఒక్కో దారం. ఎర్ర రంగు నింపిన గడి దగ్గర జరీ పైకి కనిపించాలి, ఖాళీ గడి దగ్గర కనిపించకూడదు. ఆ కాగితాన్ని చూసి ఇంకొకరు మందపాటి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టల్ని దండలా కుట్టి మగ్గం మీద దారాలు ఎత్తే జకార్డు పెట్టెకు వేలాడదీస్తే, ఏ దారం లేవాలో ఏది పడుకోవాలో అవే చెబుతాయి. బెజ్జం ఉందా లేదా అన్నదే నా లోపలి భాష కూడా, ఆలోచిస్తే అవి నాకు తాతలు. చూడటానికి అంత బాగుండరు గానీ తాతలే.

నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. మొదటి నెల దాన్ని పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. తర్వాత మా ఇద్దరికీ కుదిరింది. నా పక్కనే అట్టలకు బెజ్జాలు కొట్టే యంత్రం ఒకటి ఉండేది. నేను గడులు లెక్కపెట్టి చెబితే అది టకటకా కొట్టేది. మా ఇద్దరి మధ్యా మాట కలిపే ప్రోగ్రాము చాలా పాతది. దాన్ని రాసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ప్రోగ్రాముకు నా పాత ఒంటితీరు తప్ప మరొకటి తెలియదు. నేను మారిపోతే అది నన్ను గుర్తుపట్టదు. యంత్రం ఇనుప దిమ్మయిపోతుంది. ఈ సంగతి రుక్మాంగదకు మొదటే చెప్పినవాడు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఇంతియాజ్.

“అన్నా, ఇది ఎప్పుడైనా ‘కొత్తది వేస్తా’ అని అడిగితే మాత్రం ఒప్పుకోవాకు. ఒప్పుకుంటివా, నీ పని అయిపోయినట్లే,” అన్నాడు.

అప్పటికి నేనేమీ అడగలేదు. ఒక సంక్రాంతికి ముందో వెనకో, సరిగ్గా గుర్తులేదు, అడగడం మొదలుపెట్టాను. అడిగింది నేను కాదు మరి. నా నోట్లో ఎవరో మాట్లాడారు. ఎక్కడో దూరాన కూర్చున్నవాళ్లు, రుక్మాంగదను ఎన్నడూ చూడనివాళ్లు, నా తెర మూలన గడియారం పక్కన ఒక చిన్న బుడగ వదిలారు. ‘మీ కంప్యూటరుకు కొత్త రూపం సిద్ధంగా ఉంది.’ మర్యాదగానే ఉంది. రుక్మాంగద కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివి, ‘తర్వాత’ అన్నచోట నొక్కాడు. పెళ్లిపిలుపుకు వచ్చినవాళ్లకు ‘వీలు చూసుకుని వస్తాం’ అని చెప్పే మనిషి ముఖం పెట్టి మరీ నొక్కాడు.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడు కూడా. బుడగ పెట్టె అయింది. పెట్టె తెర సగానికి పెరిగింది. మొదట్లో ‘ఇప్పుడే’, ‘తర్వాత’, ‘వద్దు’ అని మూడు మాటలుండేవి. కొన్నాళ్లకు ‘వద్దు’ కనబడకుండా పోయింది. ఇంకొన్నాళ్లకు ‘ఇప్పుడే’, ‘ఈ సాయంత్రం’ అనే రెండే మిగిలాయి. మూలన ఇంటూ గుర్తు ఉండేది కానీ, దాన్ని నొక్కితే సరేనన్నట్టు లెక్కేసుకునే రోజులు కూడా వచ్చాయి. ఒకసారి అలా అయితే ఇంతియాజ్ పరుగున వచ్చి ఆఖరి నిమిషంలో ఆపాడు. వద్దు అనే మాట వినబడని చెవులు నాకు తగిలించినందుకు సిగ్గుపడ్డాను. నా సిగ్గు తెర మీద కనబడదు.

“ఏంటికప్పా ఇట్ల పీక్కుతింటాండారు? మనం అడిగినామా?” అని రుక్మాంగద వాపోయాడు.

“ఊరికే ఇస్తాండారు గదన్నా. ఊరికే ఇచ్చేవాళ్లు అట్లే ఉంటారు,” అన్నాడు ఇంతియాజ్. నా లోపల ఏదో ఒకటి ఆపేశాడు. రెండు నెలలు నెమ్మదిగా గడిచాయి. తర్వాత అది ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. ఆఖరికి ఇంతియాజ్ నెట్టు వైరే ఊడబీకి మేకుకు తగిలించాడు. “డిజైను ఎవరికైనా పంపాల్సొస్తే తగిలించు, పంపు, వెంటనే తీసెయ్,” అని చెప్పి వెళ్లాడు. రుక్మాంగద అలాగే చేశాడు. మూడేళ్లు.

ఆ మూడో ఏడు గంగరత్నమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. నేతపనిలో అరిగిన వేళ్లు. తెల్ల గుడ్డలో చుట్టిన ఒక పట్టుచీరను నా ముందున్న బల్ల మీద పెట్టి, తను మాత్రం గడప దగ్గరే కూర్చుంది.

“మా ఆయప్ప అంచు ఇది. వయసులో ఉన్నప్పుడు ఆయప్పే అట్టలు కొట్టుకొని నేసినాడు. ఆ అట్టలు వానకు నాని పోయినాయి. చీర ఇదొకటే మిగిలింది. మోకాళ్లు పోతాండాయి నాయనా, మగ్గం గుంతలో దిగొద్దని డాక్టరు అంటాండాడు. దిగడం మానేసే లోపల ఈ అంచు ఒక్కసారి నేసుకోవల్ల.”

ఆయప్ప అంటే ఆమె భర్త, కుళ్లాయప్ప. పోయి రెండేళ్లయింది.

రుక్మాంగద చీర విప్పాడు. అంచు నిండా ఎదురెదురుగా చిలకల జంటలు, మధ్యన ఒక్కో మొగ్గ. పట్టు పుచ్చిపోయింది. భూతద్దం పెట్టి దారాలు లెక్కపెట్టి ఒక్కో గడీ నాలో నింపుతుంటే, వేలు తగిలిన చోటల్లా చీర పొడిపొడిగా రాలిపోయేది. నాలుగు నెలలు పట్టింది. ఆయన పని ముగించే నాటికి తెల్ల గుడ్డలో మిగిలింది చీర కాదు, గుప్పెడు జరీ పోగులు. అంటే కుళ్లాయప్ప అంచు ఈ లోకంలో ఉన్నది ఒక్క నాలోనే. అప్పటివరకు ఎన్నో డిజైన్లు మోశాను. ఇది మోస్తున్నప్పుడు నాకు భయం వేసింది.

గంగరత్నమ్మ మగ్గం మీద పడుగు ఎక్కించి అట్టల కోసం ఎదురుచూస్తోంది. దసరా ముందు పని ఒత్తిడిలో యంత్రానికి తీరిక దొరకలేదు. “పండగ ఎల్లిన మర్నాడే కొట్టిస్తానక్కా,” అని మాటిచ్చాడు రుక్మాంగద.

ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా వాళ్లు పనిముట్టు ముట్టరు. మగ్గం, అడ్డదారం నడిపే నాడె, కత్తెర, అన్నీ కడుక్కుని బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. మర్నాడు మళ్లీ పూజ చేసి కదిలించేదాకా వాటికి సెలవు. ఏడాదంతా తమకోసం చాకిరీ చేసేవాటికి ఒక్కరోజు మొక్కే ఆ అలవాటు నాకు ఇష్టం. ఏటా నన్ను ఆపేసి, నల్లటి తెర మీదే గంధం పూసేవాళ్లు. ఈసారి రుక్మాంగద భార్య సుంకమ్మకు ఒక ఆలోచన వచ్చింది.

“అన్నీ తళతళ మెరుస్తాంటే ఇదొకటి కళ్లు మూసుకొని ఉంటే ఏం బాగుంటాది? చౌడేశ్వరమ్మ పటం పెట్టండి తెర మీద.”

ఆయనకూ బాగుందనిపించింది. పొద్దున్నే మేకు నుంచి వైరు తీసి నాకు తగిలించి, నెట్టులో వెతికి అమ్మవారి పటం తెచ్చి తెర నిండా పెట్టాడు. ఎర్రచీర, పెద్ద కళ్లు. నిజంగా బాగుంది. వైరు తీయాలని గుర్తొచ్చేలోపే సుంకమ్మ హారతి పళ్లెంతో వచ్చేసింది. అమ్మవారి ముఖం కప్పకుండా తెర రెండు మూలల్లో రెండు కుంకుమ బొట్లు, నా నెత్తిన బంతిపూల దండ పెట్టింది. కర్పూరం వెలిగింది. గుమ్మడికాయ పగిలింది. నేను పూజలోకి వెళ్లిపోయాను. ఇక నన్ను ముట్టకూడదు.

సరిగ్గా అప్పుడే నా నోట్లో మళ్లీ ఎవరో మాట్లాడారు. అమ్మవారి పాదాల దగ్గర పెట్టె వచ్చింది. ‘మీ కొత్త రూపం యాభై తొమ్మిది నిమిషాల్లో మొదలవుతుంది. వాయిదా వేయాలంటే ఇక్కడ నొక్కండి.’

రుక్మాంగద చూశాడు. అలవాటుగా చెయ్యి లేచింది.

“ముట్టుకోవాకండి! పూజలో ఉండాది,” అంది సుంకమ్మ.

చెయ్యి గాలిలో ఆగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆ చేతికీ నా మౌసుకూ మధ్య జానెడు దూరం. ఒక్క వేలు, ఒక్క నొక్కు. నోరుంటే అరిచేవాణ్ణి. నాకున్న నోరు వాళ్లది.

“మూడేండ్ల నుంచి అడుగుతానే ఉండాది. ఈ ఒక్కరోజు అడిగి ఊరుకుంటాదిలే. రేపు పొద్దున చెబ్దాం,” అన్నాడు ఆయన, చెయ్యి దించుకుంటూ.

ఆయన్ని తప్పుబట్టడం సులువు. కానీ ఆలోచించండి. మూడేళ్లపాటు వైరు తగిలించినప్పుడల్లా తలుపు తట్టి, ‘తర్వాత’ అంటే వెనక్కి పోయినవాణ్ణి మనిషి నమ్మడం మొదలుపెడతాడు. మర్యాద ఇరువైపులా ఉందనుకుంటాడు. అదీకాక పండగ రోజు ఎవరైనా ఆగుతారన్నది ఆయన లెక్క. ఆ దూరపు వాళ్లకు మన పండగ తెలియదని ఆయనకు తట్టలేదు.

నిమిషాలు అయిపోయాయి. అమ్మవారు మాయమైంది. తెర నీలంగా మారి, మధ్యలో చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. బంతిపూల దండ కింద, కుంకుమ బొట్ల మధ్య తిరుగుతున్న ఆ చక్రాన్ని చూసి సుంకమ్మ చేతులు జోడించింది. “సూడండి, అమ్మవారి మహిమ!” అంది. రుక్మాంగద జోడించలేదు. కుర్చీలో కూలబడ్డాడు. ‘దయచేసి కంప్యూటరును ఆపకండి’ అని తెర వేడుకుంటోంది. ఆపడానికి ఆయన ముట్టడు. ముట్టినా అప్పటికి ఆలస్యమైపోయింది. పులిహోర ఆకుల్లో వడ్డించేవేళకు నేను పూర్తిగా వేరే మనిషిని.

మర్నాడు ఇంతియాజ్ వచ్చి పూటంతా నా ముందు కూర్చున్నాడు. కొత్త రూపం అందంగానే ఉంది, నిజం చెప్పాలి. అంచులు నునుపు, రంగులు మెత్తన. కానీ పక్కనున్న యంత్రాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. అది నన్ను గుర్తుపట్టలేదు. పన్నెండేళ్ల పక్కింటి సావాసం ఒక్క మధ్యాహ్నంలో తెగిపోయింది.

“పాతదానికి ఎనక్కి పొయ్యే దారి ఒకటి ఉంటాదన్నా, కొన్నాళ్లదాకా. దీంట్లో చోటు లేక అది నిలబడలేదు. పాతది మళ్లీ మొదట్నుంచి ఎక్కిద్దామన్నా ఆ ప్రోగ్రాము సీడీ గీతలు పడిపోయింది, చదవడంల్యా,” అన్నాడు ఇంతియాజ్. నా పొట్టలో చోటు లేకపోవడానికి కారణం డిజైన్లే. వాటిని మాత్రం ఒక్కటీ పారేసుకోలేదు. కుళ్లాయప్ప అంచును బొమ్మగా తెర మీద చూపించగలిగాను. చూపించడమే. కొట్టించలేను.

గంగరత్నమ్మకు ఈ మాట ఎలా చెప్పాలో తెలియక రుక్మాంగద రెండు రోజులు ఆమె వీధి వైపే వెళ్లలేదు. మూడో రోజు ఆమే వచ్చింది. చెప్పాడు. “ఒక్క వేలు పెట్టింటే సరిపొయ్యేదక్కా. పెట్టకపోతిని,” అన్నాడు. ఈ బొమ్మను వేరే డిజైనరు దగ్గరికి పంపి అట్టలు కొట్టించుకొస్తానన్నాడు.

ఆమె ఒప్పుకోలేదు. “వేరేవాళ్లకిస్తే వారంలో ఊరి మగ్గాలన్నిట్లో ఇదే అంచు ఉంటాది. నాకు తెల్దా మన ఊరి సంగతి? ఆయప్పది నా మగ్గం మీదనే నెయ్యల్ల,” అంది. లేచి వెళ్లిపోయింది. రుక్మాంగద నా తెరను ఆపేసి, చీకటి తెరలో తన ముఖం చూసుకుంటూ ఉండిపోయాడు. నా మీద కోపమో తన మీద కోపమో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

గంట తర్వాత ఆమె తిరిగొచ్చింది. కొంగులో మూటగట్టి ఏదో బరువు మోసుకొచ్చింది. విప్పితే వరసగా బెజ్జాలున్న ఇనుప పలక, ఒక ఉలి, చిన్న సుత్తి. కుళ్లాయప్ప అట్టలు కొట్టిన సామాను.

“బొమ్మ కనపడతాది అంటివి గదా. సూసి చెప్పు. నేను కొడ్తా.”

అలా మొదలైంది. రుక్మాంగద నా తెర మీద బొమ్మను పెద్దది చేసి, ఒక్కో వరస మీద స్కేలు ఆనించి చదివేవాడు. “మూడు కొట్టక్కా, రెండు వదులు, ఒకటి కొట్టు, అయిదు వదులు…” ఆమె కింద కూర్చుని పలక మీద అట్ట పెట్టి, సుత్తితో కొట్టేది. ఒక్కో వరసకు ఒక్కో అట్ట. మొత్తం రెండు వందల నలభై. పక్కన ఆ పెద్ద యంత్రం బొట్లు పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండేది. మేమిద్దరం కలిస్తే ఒక్క పొద్దులో ముగించే పని ఇది. వాళ్లకు రోజుకు పాతిక అట్టలు కూడా తెగేవి కావు. ఆమె మోకాళ్లకు సుంకమ్మ దిండ్లు తెచ్చి పెట్టేది. మొదట్లో నాకు చాలా నామోషీగా ఉండేది. గోడకు తగిలించిన క్యాలెండరుకూ నాకూ తేడా ఏముంది ఇప్పుడు అనుకునేవాణ్ణి.

నూట ఎనభై అట్టలు దాటాక ఒకరోజు ఆమె సుత్తి ఆపింది.

“మల్లా చెప్పు.”

“నాలుగు కొట్టు, ఒకటి వదులు, ఆరు కొట్టు.”

“కాదు.”

“బొమ్మలో అట్లే ఉండాదక్కా.”

“బొమ్మలో ఉండచ్చు. ఎడమపక్క చిలక ముక్కు గదా ఇది? ముక్కు మూసుకోగూడదు. తెరుచుకొని ఉంటాది.”

రుక్మాంగద అయోమయంగా నా వైపు చూశాడు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. చీరలో ఎడమ చిలకలున్న వైపు పొడవునా మడత చిరిగిపోయి దారాలు అందలేదు. అందుకని ఆయన కుడి చిలకను లెక్కపెట్టి గీసి, దాన్ని అద్దంలోలా తిప్పమని నాకు చెప్పాడు. తిప్పాను. రెండు చిలకలూ గడి తేడా లేకుండా సమానంగా వచ్చాయి. ఆ రోజు ఆయన నా వీపు తట్టాడు కూడా. నేను పొంగిపోయాను. ఇన్నాళ్లూ తెర మీద ఆ గళ్ల బొమ్మను చూసినా ఆమెకేమీ తెలియలేదు. చేతికింద బెజ్జాలు వరసగా పడుతుంటే తెలిసిపోయింది.

“ఆయప్ప కొట్టేటపుడు తప్పు పడింది,” అంది గంగరత్నమ్మ. ఆమె నవ్వుతోంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. “నేసినాక సూసుకుంటే ఎడమ చిలక నోరు తెరిచింది. మల్లా కొట్టుకోరాదా అంటే ఏమన్యాడో తెల్సా? ఉండనీలేమే, అది నువ్వు, మాట్లాడతా ఉంటావు. ఇది నేను, ఇనుకుంటా ఉంటా.”

రుక్మాంగద కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. స్కేలు కూడా తీసేశాడు. “నువ్వే కొట్టక్కా,” అన్నాడు.

ఎడమ చిలక ముక్కు పడే అట్టలు ఏడింటినీ ఆమె నా వైపు చూడకుండా, ఎవరూ చెప్పకుండా కొట్టింది. ఎక్కడ ఆగాలో, ఏ బెజ్జం వదలాలో చేతులకు తెలుసు. నేను వెలుగుతూ ఊరుకున్నాను. నా పన్నెండేళ్ల డిజైన్లలో ఎన్నిటిని ఇలా తిప్పానో, ఎన్ని నోళ్లు మూశానో నాకిప్పుడు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. పాత ఒంటితోనే ఉండి ఉంటే ఈ అంచునూ ఒక్క పొద్దులో, ఒక్క తప్పు లేకుండా కొట్టించి ఉండేవాణ్ణి. ఆమె ఆ చీర నేసి, విప్పి చూసుకుని, ఏమీ అనకుండా మడతపెట్టి ఉండేది. రుక్మాంగద దగ్గరికొచ్చి అంచులోంచి ఆ పాత తప్పు తప్పిపోయిందని చెప్పుకునే మనిషి కాదు ఆమె. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దిగులేస్తుంది.

ఇప్పుడు ఈ బల్ల మీద నా పక్కన గళ్ల కాగితాలున్నాయి. రుక్మాంగద మళ్లీ వాటి మీద గీస్తున్నాడు, అప్పుడప్పుడు ఏదో పాత బొమ్మ చూడటానికి నన్ను వెలిగిస్తాడు. ఉగాది దాటాక గంగరత్నమ్మ ఆ చీర కట్టుకుని వచ్చింది. మెట్టు దిగడానికి సుంకమ్మ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మగ్గం గుంతలో దిగడం అదే ఆఖరని చెప్పింది. కొంగు తీసి బల్ల మీద, నా ముందే పరిచింది. బారుగా అంచంతా చిలకలు. ప్రతి జంటలోనూ ఎడమది మాట్లాడుతోంది, కుడిది వింటోంది.